ఆ రెండు గంటలు ఎవరివి?

సూదమ్మ అసలు పేరు ఆమె భర్తకు తప్ప ఎవరికీ గుర్తులేదు. బట్టలు కుట్టడం ఆమె పని, మాటలతో గుచ్చడం ఆమె అలవాటు. భర్తది విమానంలో ప్రయాణికులకు భోజనాలు, దుప్పట్లు అందించే ఉద్యోగం. సముద్రం అవతలి ఊరికి వెళ్తాడు, మర్నాడు తిరిగొస్తాడు.

"విమానం ఎక్కానే" అని ఒక ఫోను, "దిగానే" అని ఇంకో ఫోను. వెళ్ళేటప్పుడు ఆ రెండింటి మధ్య తొమ్మిది గంటలు. వచ్చేటప్పుడు పదకొండు. అది గమనించిన నాటినుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

కొట్లో పక్కన కూర్చుని గుండీలు కుట్టే ఆవిడ ఆ మంటకు ఇంకాస్త గాలి విసిరింది. "అదేమిటే! ఉతికితే గుడ్డ కుంచించుకుపోవడం చూశాను గాని, దారి సాగడం ఇదే వినడం!"

సూదమ్మ ప్రపంచ పటం మీద టేపు పెట్టి చూసింది. ఇటునుంచి ఎంతో అటునుంచీ అంతే. ఆ సాయంత్రం భర్త బూట్లు విప్పకముందే అందుకుంది.

"ఏ కొసనుంచి కొలిచినా గుడ్డ ఒకటే కదండీ. మరి ఆ రెండు గంటలూ ఎవరికి కత్తిరించి ఇస్తున్నారు?"

"ఎదురుగాలే పిచ్చిదానా! వచ్చేటప్పుడు గాలి ముందునుంచి కొడుతుంది."

"ఆ గాలి జడ వేసుకుంటుందా, జుట్టు విరబోసుకుంటుందా?"

అతను నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"నన్నూ తీసుకెళ్ళండి. గాలి లేదని తేలిందా, నా కుట్టుమిషను మా అక్క ఇంటికి చేరుతుంది. మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

ఉద్యోగుల ఇంటివాళ్ళకిచ్చే టికెట్టు మీద తీసుకెళ్ళాడు. అవతలి ఊళ్ళో, హోటల్లో పక్క గది తలుపు చప్పుడైనా ఆమె లేచి తొంగిచూసింది. ఎవరూ రాలేదు. తను వచ్చిందని తెలిసి ఆ మహాతల్లి దాక్కుందేమో!

తిరుగు ప్రయాణంలో ముందు సీటు వెనకున్న తెరమీద విమానం బొమ్మ చీమలా పాకుతోంది. "ఏమిటండీ ఇది, కదలదే?" అని పక్క సీటు పెద్దాయనను అడిగింది.

"ఎదురుగాలమ్మా. ఈ దారిలో ఎప్పుడూ ఇంతే."

గుండెమీది బరువు దిగినట్టే దిగి, మళ్ళీ ఎక్కి కూర్చుంది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే భర్త కంటపడ్డాడు. ముందు వరుసలో ఎవరో ఆవిడకు దుప్పటి జారితే భుజం దాకా కప్పుతున్నాడు. "చలిగా ఉందాండీ?" ఆ గొంతులో తేనె! ఇంకొకావిడకు మంచినీళ్ళు, దానిమీద ఒక చిరునవ్వు. ఇంట్లో కాళ్ళు చాపుకుని "నీళ్ళు!" అని కేకేసే మనిషి ఇతనేనా? ఒక్కతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. విమానం నిండా ఉన్నవాళ్ళను ఏం చేస్తుంది?

తలపైన, సిబ్బందిని పిలిచే మీట నొక్కింది.

"చెప్పండి మేడమ్, ఏం కావాలి?" అని వంగాక గాని అతను మొహం చూడలేదు. "నువ్వా! గాలి సంగతి తేలిందిగా, ఇంకేమిటే?"

"అదిగో, మేడమ్ పోయి 'ఏమిటే' వచ్చేసింది. మళ్ళీ మొదటినుంచి అడగండి."

అతను అటూ ఇటూ చూసి కోటు సర్దుకున్నాడు. "చెప్పండి మేడమ్, ఏం కావాలి?"

"మంచినీళ్ళు. ఒక దుప్పటి. భుజం దాకా కప్పాలి."

కప్పాడు. కప్పి రెండడుగులు వేశాడో లేదో, మళ్ళీ మీట మోగింది.