ముట్టెకు వేసిన తాడు

పొద్దున్నుంచి పెద్ద పంది దాణా తొట్టి వైపు కన్నెత్తి చూడలేదు. చెవులు కందిపోయాయి, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. దాన్ని పెంచుతున్నావిడ గుండెల్లో రాయి పడింది. సరిగ్గా ఇవే గుర్తులు ఆరు రోజుల క్రితం అక్క ఫారంలో చూసింది. "ఎవరికీ చెప్పకే, తెలిస్తే సర్కారువాళ్ళు మందనంతా చంపి పూడ్చేస్తారు" అని అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. తల్లి పోయాక తనను పెంచిన అక్క. కాదనలేక సరేనంది.

పశువుల డాక్టరు పిలవగానే వచ్చాడు గానీ గేటు దాటలేదు. మహా మొండి మనిషి.

"నేను ఇంకో ఫారం నుంచి వస్తున్నా. లోపలికొస్తే జబ్బును నేనే మోసుకొచ్చినట్టవుతుంది. నేను చెప్తా, మీరు చెయ్యండి" అని దూది చుట్టిన పుల్ల, మూత సీసా గేటు మీదుగా అందించాడు.

ఆవిడ పంది ముట్టెకు తాడు బిగించింది. చెవులు చిల్లులు పడేలా అరిచిందది. దాని ముక్కులో పుల్ల తిప్పి, సీసాలో వేసి మూత పెట్టింది. తాడు ఊడదీసి చేత్తోనే పట్టుకుని, సీసా గేటు మీదుగా ఇచ్చింది.

"బయటివాళ్ళెవరైనా వచ్చారా?" డాక్టరు కాగితం తీశాడు.

"లేదు సార్."

"ఎంగిలి కూడు, మాంసం ఏమైనా పెట్టారా?"

"దాణా తప్ప ఇంకేం పెట్టం."

"మీరు వేరే ఫారానికి వెళ్ళారా?"

లేదు అని ఒక్క ముక్క అంటే అక్క బతికిపోతుంది. అయినా అక్క దగ్గర్నుంచి వచ్చిన రోజు తను చేయని జాగ్రత్త ఏముంది? బూట్లు బ్రష్షుతో రుద్ది మందునీళ్ళలో నానబెట్టింది. బట్టలు ఉడకబెట్టింది, తలారా స్నానం చేసింది.

"ఆ తాడును వేరే పందికెక్కడైనా వాడారా?" అన్నాడు డాక్టరు.

తలదించి చేతిలోకి చూసుకుంది. పరాయి తాడుతో పందిని పట్టడం ఆవిడకు నామోషీ. ఎక్కడికెళ్ళినా సొంత తాడే. అక్క జబ్బు పందినీ దీంతోనే పట్టింది. దాని నురగంతా ఈ పీచుల్లో ఇంకింది. బూట్లకు చేసిన సేవలో వందో వంతు దీనికి చేయలేదు. తెచ్చి మేకుకు తగిలించి, మర్నాడు నులిపురుగుల మందు తాగించడానికి తన పంది నోటికే వేసింది. ఎంత తెలివో!

చెప్తే అక్క మంద పోతుంది. చెప్పకపోతే ఇంకెన్ని మందలు పోతాయో.

"మా అక్క ఫారానికి వెళ్ళా సార్. ఆరు రోజులైంది. అక్కడ రెండు పందులు చచ్చిపోయాయి. దాచాం."

డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తాడు అక్కడే కాల్చెయ్యండి. మీరు గేటు దాటొద్దు" అని గబగబా జీపెక్కాడు.

ఆవిడ అక్కకు ఫోన్ చేసింది.

"చెప్పేశానక్కా. డాక్టరు నీ దగ్గరికే వస్తున్నాడు."



"నా కొంప ముంచావు కదే."

"ముంచానక్కా. తిట్టు."

"తర్వాత తిడతా. పొద్దున పంది పిల్లల్ని సంతకి బండెక్కించేశా. ఇంకా దారిలోనే ఉంటాయి. ఫోన్ పెట్టెయ్, డ్రైవర్‌ని ఆపాలి."