జిగురు పెట్టని నేల

చెక్క నేలను జిగురుతో అతికించాలా, ఊరికే పరిచి వదిలేయాలా అన్న దాని మీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. గెలిచింది నేనే. గెలిచిన పూటే ఆ గెలుపును చేజేతులా పాడుచేసుకున్నదీ నేనే. మావారు ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ లేనిపోనివి కలిపి చెప్పి నవ్వుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తాను.

మా అత్తయ్యకు చెవులు వినబడవు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అన్నీ పట్టేస్తారు, మనం గొణుక్కున్నవి కూడా. చెవి మిషన్ ఈల వేస్తోందని ఎప్పుడో డబ్బాలో పడేశారు. పాత అద్దె ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పసిపిల్లల గౌన్లు కుట్టేవారు. ఈ ఫ్లాట్‌కి మారాక కిటికీ జోలికే పోవడం మానేశారు. కిటికీ వైపు తిరిగితే తలుపు వీపు వెనక పడుతుంది, ఎవరొచ్చిందీ తెలియదు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే హడలిపోతారు. ఒకసారి అలాగే సూది వేల్లో దిగింది. అప్పటినుంచి చీకటి మూల గోడకు ఆనుకుని, తలుపు కేసి చూస్తూ కూర్చోవడమే. కుట్టు ఆగిపోయింది.

పాత ఇంట్లోనూ ఆవిడ వీపు తలుపు వైపే ఉండేది. అక్కడ లేని భయం ఇక్కడెందుకో మాకెవరికీ అంతుపట్టలేదు. "వయసు మీద పడింది, పిరికిదాన్నయిపోయాను" అనేవారు. వెనక తలుపు కనబడేలా కిటికీకి అద్దం తగిలించి చూశాను. "సూది చూసుకోనా, నా మొహం చూసుకోనా?" అని మర్నాడే తీయించేశారు.

సరే, ఆవిడ పాదాలకు టైల్స్ చల్లదనమైనా తప్పుతుందని ఆ గదికి చెక్క నేల వేయిద్దామనుకున్నాం. పైన అసలు కర్ర, కింద ప్లైవుడ్ పొరలు ఉండే పలకలు తెప్పించాం. ఇంటి గాలికి అలవాటు పడాలని నేల వేసే మేస్త్రి ఆ పలకల పెట్టెల్ని హాల్లోనే ఉంచమన్నాడు. అవి అలవాటు పడ్డాయో లేదో గానీ, వాటికి తగిలి తగిలి నా కాలివేళ్లు వాచిపోయాయి.

"రెండు పద్ధతులున్నాయమ్మా" అన్నాడు మేస్త్రి. "జిగురు పూసి ప్రతి పలకనీ నేలకు అతికించెయ్యొచ్చు. లేదా కింద పల్చటి ఫోమ్ పరిచి, పలకల్ని ఒకదాంట్లో ఒకటి బిగించి, నేలకు అతక్కుండా వదిలెయ్యొచ్చు."

"ఊరికే పరిస్తే చాలు" అన్నారు మావారు. "ఏదైనా పాడైతే విప్పుకోవచ్చు."

"మీరు విప్పుకుంటూ కూర్చోండి. దబదబా మోగుతుంటే తల పగిలేది నాకు" అన్నాను.

నా నడక సంగతి చెప్పాలి. మెల్లగా నడవడం నాకు చేతకాదు. "నేల నీకేం అపకారం చేసిందే" అని మా అమ్మ తిట్టని రోజు లేదు. పాత ఇంట్లో చెక్క నేలే ఉండేది, నా ప్రతి అడుగునూ ఊరంతా చాటేది. నాకు కోపం వచ్చి గది మారితే చాలు, "వస్తోంది, సర్దుకోండి" అనేవారు మావారు. ఆ సంబడం మళ్లీ నాకొద్దు. జిగురే కావాలని భీష్మించుకు కూర్చున్నాను.

మేస్త్రి కూడా నా పక్షమే. "అమ్మగారు చెప్పిందే కరెక్ట్ సార్. అతికిస్తే రాయిలా ఉంటుంది, చప్పుడుండదు" అన్నాడు. మావారు తలూపారు గానీ సణుగుడు ఆపలేదు. ఆ సణుగుడు వదిలించడానికి మేస్త్రి, అత్తయ్య గదిలో తలుపు నుంచి కిటికీ దాకా ఫోమ్ వేసి, జిగురు లేకుండా కొన్ని వరసలు బిగించాడు. "నడిచి చూడండి సార్, మీకే తెలుస్తుంది" అన్నాడు.

అత్తయ్య మూలలో పెట్టెలు పేర్చేయడంతో, ఆవిడ కుర్చీని కిటికీ దగ్గర ఆ పలకల మీదే వేశాం. కాసేపు మెడ వెనక్కి తిప్పి తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. మెడ పట్టేసి, చివరికి కిటికీ వైపు తిరిగారు.

ఈలోగా వంటింట్లో మావారు, "నీ నడకకి పలకలు ఆగవు గానీ, కాంక్రీటు పోయించుకో" అన్నారు. నాకు ఒళ్లు మండింది. జిగురు డబ్బా మూత తీయమని మేస్త్రితో చెప్పడానికి ఆ పలకల మీదుగా విసవిసా నడిచి వెళ్లాను.

"ఏమిటమ్మాయ్, మళ్లీ వాడేమన్నాడు?" అన్నారు అత్తయ్య.

వెనక్కి తిరగలేదు. నన్ను చూడలేదు. నేను ఉన్నచోటే ఆగిపోయాను. అప్పుడు ఆవిడే తిరిగి నన్ను చూసి, తన పాదాల కేసి చూసుకున్నారు.

"నువ్వు వస్తుంటే కాళ్లకు తెలిసింది" అన్నారు. "పాత ఇంట్లో తెలిసినట్టే."

ఆవిణ్ణి మళ్లీ కిటికీ వైపు తిప్పి మావారిని నడిపించాను. "వీడే. కుడి మడమ ఈడుస్తాడు" అన్నారు. తర్వాత మేస్త్రి నడిచాడు. "ఈ మనిషెవరో గానీ బాగా తింటాడు" అన్నారు. మేస్త్రి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"ఇన్నాళ్లూ నాకేదో పిరికితనం పట్టుకుందనుకున్నానే" అని అత్తయ్య నవ్వేశారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అడుగులు తెలియని నేల మీద కూర్చోబెట్టి, ఆవిడకు ధైర్యం చెబుతూ వచ్చాం మేము.

"మరి జిగురమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మూత తియ్యకు."

"అమ్మగారు చెప్పిందే కరెక్ట్ కదూ మేస్త్రీ?" అన్నారు మావారు పళ్లికిలిస్తూ.

గదంతా జిగురు లేకుండానే పరిచారు. కుర్చీ కిటికీ దగ్గరికి చేరింది, గౌన్లు మళ్లీ మొదలయ్యాయి. ఒకనాడు ఆవిడ సన్నటి కుట్టేదో వేస్తున్నారు. చెయ్యి కదలకూడదు కదా అని, నా జన్మలో మొదటిసారి మునివేళ్ల మీద నడిచి వెళ్లి, టీ కప్పు పక్కన పెట్టాను. ఆవిడ అదిరిపడ్డారు.

"దొంగలా వస్తావేం?" అని కసిరారు. "నీలాగా రా."

నాకు ఊహ తెలిశాక నన్ను గట్టిగా నడవమన్న మనిషి ఈవిడొక్కరే. కప్పు తీసుకుని తలుపు దాకా వెనక్కి వెళ్లి, మళ్లీ నాలాగా నడిచి వచ్చాను. అత్తయ్య కుట్టు మీంచి చూపు తిప్పలేదు. టీ కోసం ఎడమ చెయ్యి వెనక్కి చాపారు.