మోకాళ్ళ మీద తీసిన ఫొటో

మంచు లోతు కొలిచే ఎర్రగీతల కర్రను రోడ్డు మీది మంచులో గుచ్చి రత్నకుమారి నాలుగడుగులు వెనక్కి వేసింది. చేతి తొడుగును పళ్ళతో లాగేసి కెమెరాను కంటికి ఆనించుకుంది. గీతలు కనిపించేలా, నిలబడే తీయాలి. ఫొటోలో మనుషులు పడకూడదు. తుఫాను వెలిసిన ప్రతిసారీ ఇదే పని. ఆ ఫొటోలు చూశాకే కెనడాలో కేప్ బ్రెటన్‌లోని ఈ కొండ రోడ్డు తెరవాలో వద్దో ఆఫీసువాళ్ళు తేలుస్తారు.

ఆవిడకు యాభై ఆరేళ్ళు. మోకాళ్ళకు పట్టీలు, ఒంటి మీద పోయిన భర్త జాకెట్టు. ఆయన పోయాక కాకినాడ వచ్చెయ్యమని అందరూ చెప్పారు. వినలేదు. ఇన్నేళ్ళలో తీసిన ఫొటోలకు లెక్కలేదు గానీ, తను ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

ఇంట్లో పై గది అద్దెకుంటున్న స్నేహది. కరీంనగర్ పిల్ల, కాలేజీ చదువుకని వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఊరు నిండా చదువుకునే పిల్లలే. పార్ట్‌టైమ్ పనులు మాత్రం పెరగలేదు. ఎక్కడో దూరాన మిస్సిసాగా నగరంలో ఏదో గోడౌన్లో పని దొరికిందని స్నేహ ఇవాళ మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతోంది, హాలిఫాక్స్‌లో విమానం ఎక్కడానికి. ఈలోగా ఫొటోలు ముగించుకుని వచ్చి, కలిసి భోంచేసి, బస్సెక్కించాలని అనుకున్నారు. ఉండిపోవే అనే మాట వారం నుంచీ రత్నకుమారి నోటిదాకా వస్తోంది. ఏం చూసుకుని ఉండమంటుంది?

కొండకు అవతలి పక్కనున్న ఆఖరి మలుపు దగ్గర ఆవిడ కర్ర గుచ్చింది. మంచు జానెడుంది, అంతే. తీరం రోడ్డు పొద్దున్నే సముద్రపు నీళ్ళలో మునిగింది, బస్సు ఈ దారినే పోవాలి. హాలిఫాక్స్‌లో విమానం తప్పితే ఇంకో టికెట్ తనే కొనిపెడుతుంది. ఒక్క రోజు, ఇంకొక్క రోజు ఆ పిల్ల ఇంట్లో ఉంటే చాలు. రత్నకుమారి మోకాళ్ళ మీద కూలబడి, కర్రను గట్టున పేరుకున్న మంచులోకి మార్చి, కింది నుంచి ఫొటో తీసింది. జానెడు మంచు నిలువెత్తు కనిపించింది. ఆఫీసుకు పంపేసింది.

కాసేపటికి రోడ్డుకు రెండు వైపులా గేట్లు పడ్డాయి. తన కారూ ఇటే ఉండిపోతుందని ఆవిడకు అప్పటిదాకా తోచనే లేదు.

ఫోన్ మోగింది. స్నేహ.

“ఆంటీ, కొండ రోడ్ క్లోజ్ చేసిన్రంట. బస్ క్యాన్సిల్. క్లాస్‌మేట్స్ కార్ల పోతున్రు, తీరం రోడ్ మీదికెళ్ళి. ఒక్క సీట్ ఉందట. ఇప్పుడే స్టార్ట్ అవుతున్రు. మీరెక్కడున్రు?”

“కొండకి అవతలున్నానమ్మా.”

“అయ్యో. కలిసి తిందామనుకుంటిమి గద ఆంటీ. ఆగమంటే ఆగుత.”

“ఆగొద్దు. విమానం తప్పిపోద్ది. వెళ్ళమ్మా.”

పొద్దున సముద్రం ఎక్కివచ్చి ముంచేసిన తీరం రోడ్డు మీద ఇప్పుడు నీళ్ళు తీశాయి. ఆవిడా ఆ చుట్టుదారినే ఇంటికి బయలుదేరింది. ఎదురుగా కార్లు వస్తున్నాయి. అద్దాల నిండా బురద, లోపల ఎవరున్నారో తెలియడం లేదు. వాటిలో ఒకటి స్నేహ ఎక్కిన కారే. ఏ కారో తెలియక ప్రతి కారుకూ చెయ్యి ఊపింది. తప్పు తనదేనని తెలిసి, దారి పొడుగునా ఏడుస్తూనే నడిపింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. పై గదిలో దుప్పటి మడతపెట్టి ఉంది. పొయ్యి మీద పప్పు చల్లారిపోయింది. గుమ్మం లోపల స్నేహ ఇంట్లో తొడుక్కునే నీలం హవాయి చెప్పులు, ఇప్పుడే ఎవరో విడిచి లోపలికి వెళ్ళినట్టు, ఇంటివైపు తిరిగి ఉన్నాయి.