మూడు వందల అడుగుల గీత

ఏప్రిల్ తొమ్మిది. ఆ పొద్దున లక్ష్మీపతి తిన్నది బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు. నాలుగేళ్ల కిందట భార్య పోయినప్పటి నుంచి ఎదురు హోటల్ పెద్దన్న అతనికోసం కారం తక్కువ బజ్జీలు విడిగా వేస్తున్నాడు, అడగకుండానే.

కుందుర్పి బస్టాండు పక్కన అతనిది డీటీపీ, జిరాక్స్ కొట్టు. ఒక ఏజెన్సీ నలభై ఊళ్లకు భూగర్భ జలాల పోస్టర్ల పని ఇచ్చింది. టెంప్లేటు, అంటే పోస్టరు నమూనా, వాళ్లదే. ఊరి పేరు, నీళ్లు పడే లోతు రాసిన పట్టికను దానికి కలిపితే చాలు, ఊరికొక పోస్టరు తయారవుతుంది. నేల నుంచి కిందికి దిగే నీలం పట్టీ, దాని కొసన అంకె.

పక్క ఊరి నుంచి జిరాక్సుకు వచ్చిన పెద్దక్క బల్ల మీద తమ ఊరి పోస్టరు చూసింది.

"ఏమప్పా, మా ఊర్లో మూడు నూర్లకే నీళ్లని ఎవురు చెప్పిరి?"

లక్ష్మీపతి పట్టికలో చూశాడు. పదకొండు వందల నలభై అడుగులు. పోస్టరులో మాత్రం పట్టీ మూడు వందల అడుగుల గీత దగ్గరే ఆగింది. ఆ కింద టెంప్లేటులో చోటే లేదు. మిగిలిన పట్టీ, కొసనున్న అంకె రెండూ తెగిపోయాయి. నలభై పోస్టర్లూ తిరగేశాడు. అన్ని ఊళ్లదీ ఒకటే లోతు.

"పోయినేడు బోరు పదకొండు నూర్లు దింపితే దుమ్ము లేసినాది. మా కొడుకు ఓబిలేషు మళ్లా బోరుబండి పిలుస్తానంటాండాడు. ఇది గోడకేస్తే వాన్ని ఆపేదెట్లప్పా?"

లక్ష్మీపతి ఏజెన్సీ మనిషి వీరేష్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"టెంప్లేటు ముట్టుకోవద్దన్నా. పైన ఓకే అయిపోయినాది. రేపు గోడలకెక్కల్ల."

"నమ్మి ఎవుడన్నా బోరేస్తే?"

"పోస్టరు చూసి బోరేసే పిచ్చోడు యాడుండాడన్నా!"

"ఉండాడు. వాళ్లమ్మ నా ముందరే నిలబడుకోనుండాది."

ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఫోన్ కట్ చేసి బల్ల మీద విసిరాడు. టెంప్లేటు తెరిచి కాగితం పొడవు నాలుగింతలు చేశాడు. కొలతను పన్నెండు వందల దాకా దించి మళ్లీ పట్టికను కలిపాడు. పెద్దక్క ఊరి పట్టీ మూడు కాగితాలు దాటి నాలుగోదాంట్లో ఆగింది. ఆమె జిరాక్సు సంగతి మరిచి నేల మీద కూర్చుని కాగితాలకు జిగురు రాసి ఒకదానికొకటి అతికించింది.

సాయంత్రం జీపు దిగిన వీరేష్ ముఖం మాడ్చుకున్నాడు.

"ఈ తోకలేందన్నా? మూడు నూర్ల కాడ కత్తిరించు."

లక్ష్మీపతి కత్తెర తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వే కత్తిరించు. ఈమె చూస్తాండాది. రేపు బోరుబండి వచ్చినప్పుడు గూడా నువ్వే వచ్చి నిలబడు. మూడు నూర్ల కాడ నీళ్లు చూపియ్యి!"

ఆ గొంతుకు బస్టాండులో జనం తిరిగి చూశారు. వీరేష్ కత్తెరను బల్ల మీద పెట్టేశాడు. "ఇంగ మా పని నీకు రాదు," అని ఉత్త చేతులతో జీపెక్కాడు.

ఎదురు హోటల్ పెద్దన్న ఆటోవాళ్లను కేకేసి, ఏ ఊరి పోస్టరు ఆ ఊరి ఆటోలో వేయించాడు. పెద్దక్క తమ ఊరిది చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లింది.

దాని ఇంకో ప్రతిని లక్ష్మీపతి కొట్టు తలుపుకు బయటివైపు అతికించాడు. కొస గడప దగ్గర మట్టిలో పడింది. కోపం ఇంకా దిగలేదు. అయినా ఆ కొసను ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, కాగితం చిరగకుండా తలుపును మెల్లగా దగ్గరికి వేశాడు.