సాక్ష్యం చెప్పిన గొంతు

సినిమాల్లో విలన్లకు గొంతు అరువిచ్చే ప్రేమ్ చంద్ సిగరెట్ మానేశాడు. మానేసి ఊరుకుంటే బాగుండేది. పోయిన ఆదివారం యూసుఫ్‌గూడ చర్చిలో లేచి నిలబడి, ప్రభువు దయవల్ల మానేశానని సాక్ష్యం కూడా చెప్పేశాడు. సంఘమంతా ‘ఆమేన్’ అంది. భార్య కరుణాకుమారి కళ్ళు తుడుచుకుంది. అంతమంది ముందు చెప్పాక ఇక వెనక్కి పోలేనని అతని ధైర్యం. తన మనసును తను కట్టెయ్యలేక తాడు కొస సంఘం చేతికిచ్చాడన్నమాట.

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్లో మైకు ముందున్నాడు. సినిమా కాదు. హైటెక్ సిటీలోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగుల కోసం చేయిస్తున్న సీడీ. విషయం విల్ పవర్. ఆ రోజుల్లో కంపెనీల వాళ్ళకు అదీ ఒక కోర్సే.

“మీ మనసుకు మీరే యజమాని,” చదివాడు.

అద్దం అవతల సౌండ్ ఇంజనీర్ తిరుమలేశ్ తల అడ్డంగా ఊపాడు. “అన్నా, గొంతు గింత సాఫ్ అయిందేంది? ఆ గరగర ఏడ వోయింది?”

కంపెనీ తరఫున వచ్చిన నిహారిక మొహమాటపడింది. “మీ విలన్ వాయిస్ విని సెలెక్ట్ చేశామండీ. ఇదేమో పాఠం అప్పజెప్తున్నట్టుంది.”

మళ్ళీ చదివాడు. మళ్ళీ మళ్ళీ చదివాడు. మధ్యాహ్నానికి యజమాని అన్న మాటంటేనే విసుగు పుట్టింది. మానేసినప్పటి నుంచి నిద్ర లేదు, నోటికి రుచి లేదు, పొద్దస్తమానం తనతో తనే పోట్లాడి ఒళ్ళు హూనమైపోయింది. గెలుస్తున్నవాడు ఇంతగా అలిసిపోతాడని సాక్ష్యం చెప్పేవాళ్ళెవరూ చెప్పరు.

టీ బ్రేకులో తిరుమలేశ్ ప్యాకెట్ చాపాడు. “ఒక్కటి తాగన్నా. పనికోసమే గదా, ఏం గాదు.”

పనికోసమే. ఆ మాట ఎంత హాయిగా ఉందో! మెట్ల మీద నిలబడి తాగాడు. సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే ముందు ప్రాణం లేచొచ్చింది, అందుకే భయమేసింది.

వచ్చి కూర్చుని అదే వాక్యం చదివాడు. గరగర వచ్చిందో లేదో గానీ, గొంతులోకి మనిషి వచ్చాడు.

“గిదీ!” అన్నాడు తిరుమలేశ్.

నిహారిక మొహం వెలిగిపోయింది. “ఇప్పుడు నమ్మబుద్ధేస్తోందండీ! మా నాన్నగారు సిగరెట్ మానలేక అవస్థ పడుతున్నారు. ఆయనకూ ఒక సీడీ ఇస్తాను.”

ప్రేమ్ చంద్ కాగితం తిప్పి రెండు లైన్లు చదివి ఆగిపోయాడు. లేచి తలుపు తీసి, తిరుమలేశ్ ముందు చెయ్యి చాచాడు.

ఈసారి పనికోసమని ఎవరూ అనలేదు. అతనూ అనుకోలేదు.