గోడ లేని క్రిములు

తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో సూక్ష్మజీవుల పరీక్షలు చేసే పంకజాక్షికి మాట్లాడేందుకు మనుషులు తక్కువ. అమ్మ పోయాక చిత్తూరులో ఇల్లు ఖాళీ చేసి వచ్చేసింది. పగలంతా మైక్రోస్కోపు, పొద్దుగూకితే హోటల్ భోజనం, ఆపైన అద్దెగది. ఇది డెబ్భై ఆరు నాటి మాట.

వార్డులో ఉన్న మునిరత్నమ్మ కూడా ఒంటరిదే. కార్వేటినగరంలో పూలు కట్టి అమ్ముకునే మనిషి. మూత్రపిండాలకు చీము పట్టి జ్వరంతో వచ్చింది. పెన్సిలిన్ ఇస్తే తగ్గేది, ఆపితే తిరగబెట్టేది. మందు పడ్డాక మూత్రం పరీక్షిస్తే ఏ క్రిమీ కనిపించేది కాదు.

"క్రిమే లేనప్పుడు జబ్బేముంటాది. ఇంట్లో ఎవురూ లేరు గదా, ఈడ అన్నం పెడతారని పండుకోనుండాది," అన్నాడు డాక్టర్ రామచంద్ర.

ఆ మాట మునిరత్నమ్మ చెవిన పడింది. అటు తిరిగి పడుకుంది.

పంకజాక్షికి ఆ రోజంతా మనసు మనసులో లేదు. పెన్సిలిన్ క్రిమిని తన చుట్టూ గోడ కట్టుకోనివ్వదు. గోడ లేకపోతే అది ఉబ్బి పగిలిపోతుంది. పగలకుండా కొన్ని మిగిలి ఉంటే? క్రిములను పెంచే అగర్‌లో అవి పగిలిపోకుండా చక్కెర బాగా కలిపి, పెన్సిలిన్ కూడా చేర్చి, మునిరత్నమ్మ మూత్రపు చుక్క వేసి ఉంచింది. కొన్నాళ్లకు కంటికి ఆనీ ఆనని చుక్కలు లేచాయి. మైక్రోస్కోపులో చూస్తే, కడ్డీల్లా ఉండాల్సిన క్రిములు చిన్నా పెద్దా బుడగల్లా మారి, మెల్లగా పెరుగుతున్నాయి.

ఆదివారం కావడంతో ల్యాబులో చెప్పుకునేందుకు ఎవరూ లేరు. నేరుగా వెళ్లి మునిరత్నమ్మ మంచం పక్కన కూర్చుంది.

"అక్కా, నీ ఒంట్లో క్రిమి సావలేదు. గోడ పోయినా వేరే రూపంలో దాక్కోనుండాది. మందు ఆపంగానే మళ్లీ గోడ కట్టుకుంటాది."

మునిరత్నమ్మకు అంతా అర్థం కాలేదు. "అయితే నేను అబద్దం సెప్పలేదు గదమ్మా?"

"లేదక్కా."

ఆమె కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

పెన్సిలిన్ లేని అగర్‌లోకి మార్చాక ఆ బుడగలు మళ్లీ కడ్డీలయ్యాయి. రామచంద్ర మైక్రోస్కోపులోంచి తలెత్తి, "ఆమెతో నేనే మాట్లాడతా," అని వార్డుకు వెళ్లాడు. గోడతో నిమిత్తం లేకుండా పనిచేసే వేరే మందు రాశాడు. ఈసారి జ్వరం పోయింది, తిరిగి రాలేదు.

మునిరత్నమ్మ ఊరికి పోయే రోజు పంకజాక్షి బస్టాండు దాకా వెళ్లింది.

"మా ఊరికి ఒకతూరి రామ్మా," అంది మునిరత్నమ్మ కిటికీలోంచి.

"వస్తానక్కా."

ఇన్నాళ్లూ పని అయ్యాక కాసేపు వార్డులో మునిరత్నమ్మ దగ్గర కూర్చోవడం అలవాటై, ఆ సాయంత్రం కూడా కాళ్లు అటే నడిచాయి. ఆ మంచం మీద అప్పటికే ఎవరో ముసలాయమ్మ, చుట్టూ ఆమె వాళ్లు. పంకజాక్షి గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి, హోటల్ వైపు నడిచింది.