ముప్పై నాలుగేళ్ల రక్తం

లేబుళ్లు ముందే అంటించేసింది కదా, తారుమారై ఉంటాయి, ఇంకేముంది, రక్తం తీశాక ఆ మనిషి ఎదుటే పేరు అంటించాలని ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి వందసార్లు చెప్పింది తనే, ఇంటి మనుషులే కదా అని ఆ రోజు మాత్రం రెండు ట్యూబులకీ ముందే అంటించి, రోగాలతో పోరాడే కాపలా కణాల వయసు చూసే పరీక్షకి ఒకదాంట్లో తన రక్తం, ఇంకోదాంట్లో పోల్చి చూడ్డానికి అత్తయ్య రక్తం తీసింది, తనకి ముప్పై నాలుగు, అత్తయ్యకి డెబ్బై ఒకటి, ఇప్పుడు తెర మీద తన పేరు కింద ముసలి రక్తం, ఆవిడ పేరు కింద పడుచు రక్తం, ఫోన్లో చెబితే ఆవిడ పగలబడి నవ్వింది, అయితే ఇవాళ్టి నుంచి నువ్వే నాకు అత్తవి, కాళ్లు నొక్కమంటావా ఏంటే, అని.

తనకీ నవ్వొచ్చి సగంలో ఆగింది, సోమవారం నుంచి కొత్త వైరస్ నమూనాలు చూసే గదిలోకి ఎవరు వెళ్లాలో తేల్చేది ఈ పరీక్ష కాగితమే, ఎప్పుడూ చూడని శత్రువును ఎదుర్కొనే కొత్త కణాలు సరిపడా ఉన్నవాళ్లకే ఆ గది, ఆరేళ్లుగా దాని తలుపు బయటే పనిచేస్తోంది, అందుకే మళ్లీ ఎడమ చేతికి పట్టీ బిగించి, కుడిచేత్తో సూది గుచ్చుకుని, ట్యూబు నిండాకే పేరు పైకి చదివి అంటించింది, ఈసారి తారుమారు కావడానికి గదిలో రెండో మనిషి లేరు, మిషను సన్నగా మూలుగుతోంది, లేరని తెలిసీ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

తెర మీద చుక్కలు పడుతున్నాయి, ఒక్కో చుక్క ఒక్కో కణం, కొత్తవాటి మూల ఖాళీ, ముసలివాటి మూల చీమలు పట్టినట్టు నలుపు, అచ్చం పోయినసారి లాగే, ల్యాబు డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో భుజం మీదుగా వంగి చూస్తోంది, జబ్బేం కాదమ్మా, చాలామందిలో ఉండే వైరసే, చంటిపిల్లప్పుడు పాలల్లోనో ముద్దుల్లోనో వచ్చి ఉంటుంది, వస్తే ఇక పోదు, నీ కాపలా కణాల్లో నాలుగో వంతు దాని మీదే ఉన్నాయి, అందరికీ ఇన్ని దానికే పోవు, నీకు పోయాయి, మరి అత్తయ్యకో మేడమ్, ఆవిడకి అసలు సోకనేలేదు, కానీ నాకెప్పుడూ దాని వల్ల ఒళ్లు వెచ్చబడ్డట్టు కూడా లేదే, ఆ కణాలే పడనివ్వలేదు, అదేమన్నా ఊరికే అయిందా, అంటూ డాక్టరమ్మ చేతులు తుడుచుకుంది, సోమవారం వేరేవాళ్లని పంపుతాలే.

డాక్టరమ్మ వెనక తలుపు మూసుకుంది, తనకి మాటలు రాకముందే ఆ వైరసు లోపలికి వచ్చిందన్నమాట, తను బడికి వెళ్లింది, పరీక్షలు రాసింది, పెళ్లి పీటల మీద కూర్చుంది, నిద్రపోయింది, కాపలావాళ్లు మాత్రం నిద్రపోలేదు, అది కాస్త కదిలినప్పుడల్లా పరుగెత్తి మళ్లీ పడుకోబెట్టారు, మళ్లీ, మళ్లీ, ఒకే ముఖం చూస్తూ చూస్తూ అలిసిపోయారు, ముసలివాళ్లయిపోయారు, ఆమె మణికట్టు మీద వేలు పెట్టింది, నాడి తాపీగా కొట్టుకుంటోంది, అప్పుడు అర్థమైంది, వాళ్లకే వయసు మీదపడింది, లోపల పడుకున్నదానికి పడలేదు, వచ్చిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.